జడ్జిగారికి పంపిన కొసరు

ఫెడరల్ జైలు
అక్టోబరు 4

పెద్దమ్మకి,

మోకాళ్ళ నొప్పులు తగ్గాయా? కోళ్ళు గుడ్లు పెడుతున్నాయా, లేక ఈ ఏడు కూడా ఉత్తినే తిని కూర్చున్నాయా? నేను బాగానే ఉన్నాను. ఇక్కడ పెట్టే చిక్కుళ్ళ సంగతి మాత్రం రాయను. రాస్తే నువ్వు కుండ నెత్తిన పెట్టుకుని బయలుదేరతావు.

ఫోన్ చేస్తే నువ్వు మాట్లాడవు. "ఫోన్లో వాగబట్టే కదరా నీకీ గతి పట్టింది, ఇంకా బుద్ధి రాలేదా?" అని పోయినసారి ఠక్కున పెట్టేశావు. అందుకే ఉత్తరం.

అప్పీలు పోయింది. ముగ్గురు జడ్జీలు కూర్చుని నా పన్నెండేళ్ళ శిక్షని రెండు వాక్యాల్లో ఖాయం చేసేశారు. ఏడవకు. ఇంకో తలుపుంది, దాని పేరు హేబియస్ కార్పస్. నా గదిలో ఉండే లెమ్యూయెల్ పెట్టిఫర్డ్ అనే పెద్దాయన చెప్పాడు. ఆయన వకీలు కాదు, నాలాగే ఖైదీ. కానీ ఇక్కడి న్యాయశాస్త్రం పుస్తకాలన్నీ నమిలి మింగేశాడు, జైల్లో అందరి అర్జీలూ ఆయనే రాస్తాడు. "ఇది ఒక్కసారే తెరిచే తలుపు, అబ్బాయ్. గడువు దాటితే మూసేస్తారు. వేసి ఓడిపోతే మళ్ళీ గుమ్మం తొక్కనివ్వరు" అన్నాడు.

నువ్వేం బెంగ పెట్టుకోకు. హేబియస్ కార్పస్ అయిపోయిందంటే నన్ను ఇంటికి పంపించేస్తారు. ఫాదర్ బ్రూసార్‌ని కూడా ఒక ప్రార్థన చెయ్యమను.

నీ చేతి ముద్దలు తిని పెరిగిన
ఓవీడ్


బయూ జెలీన్, లూసియానా
అక్టోబరు 15

ఒరేయ్ ఓవీడూ,

ఈ ఉత్తరం ఎవరు చదువుతున్నారో నాకు తెలియదు. నువ్వే చదువుతుంటే, తల్లి లేని పిల్లాడివని గుండెల మీద పెట్టుకుని పెంచినందుకు నాకు చెప్పే తీరు ఇదా? నువ్వు కాక జైలువాళ్ళు చదువుతుంటే, అయ్యా, మీకు పుణ్యముంటుంది, పిల్లాడికి నల్లబూట్లు తొడగండి. తెల్లవి వాడికి నప్పవు.

నీ ఉత్తరం అందగానే ఫాదర్ బ్రూసార్ దగ్గరికి పరుగెత్తాను. ఆయనకి చెవుడు ముదిరింది, గుడి కప్పు ఎగిరిపోయేలా అరవాల్సి వచ్చింది.

"హేబియస్ కార్పస్ అంటే ఏమిటి ఫాదర్?"

"కార్పస్ అంటే దేహం తల్లీ. దేహం మీ దగ్గరుంది అని అర్థం."

"ఎవరి దగ్గర?"

"జైలువాళ్ళ దగ్గర."

"మరి ఇంటికి పంపిస్తారని రాశాడే?"

"ఆఁ, పంపించాలి. దేహాన్ని తెచ్చి అప్పగించడమే దాని ఉద్దేశం."

అక్కడే బల్ల మీద కూలబడ్డాను. నన్ను లేపడానికి పవిత్ర జలం చాలక పూలకుండీలో నీళ్ళు కూడా కొట్టారు.

సరే, జరగాల్సింది జరగాలి కదా. మన కుటుంబం సమాధికి సున్నం కొట్టించాను. మీ అమ్మ పక్కనే చోటు. రాత్రి నీ పేరున పెట్టిన శవజాగారానికి ఊరంతా వచ్చారు. ఎర్నెస్టీన్ బంగాళాదుంపల కూర పట్టుకొచ్చి, "ఎంత మంచి పిల్లాడు, ఈగకైనా అపకారం చేసి ఎరగడు" అని ముక్కు చీదింది. నువ్వు జైలుకి వెళ్ళినప్పటి నుంచి నిన్ను దొంగ, దొంగ అని వీధి వీధీ చాటింది ఇదే నోరు. నాకు ఒళ్ళు మండి, "ఆ మాటేదో వాడు బతికుండగా అనుంటే నీ సొమ్మేం పోయిందే?" అన్నాను. దాంతో ఏడుపు ఆపి అలిగి కూర్చుంది.

దేహం ఏ రోజు వస్తుందో ముందుగా రాయండి. కోటు కొలత కూడా కావాలి. అక్కడి తిండికి చిక్కిపోయి ఉంటాడు.

కన్నీళ్ళతో
జుల్మా గిడ్రో


ఫెడరల్ జైలు
అక్టోబరు 23

పెద్దమ్మా,

బతికే ఉన్నాను! ముందు ఈ ముక్క చదువుకుని, నీళ్ళు తాగి, తర్వాత మిగతాది చదువు.

నీ ఉత్తరంతోపాటు ఊరివాళ్ళ దగ్గర్నుంచి సంతాపం కార్డులు కట్టలుగా వచ్చాయి. ఉత్తరాలు పంచే కాపలావాడు ఒకటి చదివి నా ముఖంలోకి చూసి, "మీ ఇంట్లో పోయినవాడి పేరూ నీ పేరూ ఒకటేనా?" అని జాలిగా అడిగాడు. లెమ్యూయెల్ నవ్వీ నవ్వీ మంచం మీంచి పడ్డాడు. మా అందరికీ అసలు జీవితంలో దొరకని మెచ్చుకోళ్ళు నీకు బతికుండగానే దొరికాయి అంటున్నాడు.

ఫాదర్ చెప్పింది తప్పు కాదు. దేహం అంటే బతికున్న మనిషే. "ఈ మనిషిని ఏ న్యాయం ప్రకారం బంధించారో వచ్చి చెప్పండి" అని అడగడమే హేబియస్ కార్పస్. అంతే. కోటు కొలతలు వద్దు.

ఇప్పుడు అసలు సంగతి విను. ఇందులో నువ్వే కావాలి.

నెబ్రాస్కాలో హోటల్ నడిపే డ్వెయిన్‌కి నేను లారీలో మన బురదరొయ్యలు తోలేవాణ్ణి కదా. ఆ దౌర్భాగ్యుడు వెనక గదిలో మత్తుమందు అమ్ముతున్నాడని నాకేం తెలుసు! వాడి ఫోన్ మీద పోలీసులు నిఘా పెట్టారు. మా మాటలు టేపులో ఇలా ఉన్నాయి.

"లాన్యాప్ పెట్టావా?" అంటాడు వాడు.

"పెట్టకపోతే మా పెద్దమ్మ లారీ కదలనిస్తుందా? తను స్వయంగా దంచిన పొడి. చిటికెడు చాలు, ఒకసారి రుచి మరిగారంటే నీ గుమ్మం వదలరు" అంటాను నేను.

"దీనికి ఎంతిమ్మంటావు?"

"లాన్యాప్‌కి డబ్బులేంటయ్యా, సిగ్గులేకపోతే సరి!"

కోర్టులో ఫెడరల్ ఏజెంటు బోనెక్కి, లాన్యాప్ అంటే దక్షిణాదిలో మత్తుమందుకి రహస్య పదం అని చెప్పాడు. జ్యూరీలో పన్నెండుమందీ మొక్కజొన్న పండించుకునే ఉత్తరాదివాళ్ళు. ఆ మాట పుట్టి బుద్ధెరిగి విన్నవాడు ఒక్కడు లేడు. అది ఉత్త కొసరని ఒక్కరికైనా తెలిసుంటే నవ్వి చచ్చేవాళ్ళు. నా వకీలు స్టెన్‌గారికీ తెలియదు. ఆయన నన్ను అడగలేదు, నేను చెబితే వినలేదు. సాక్ష్యం చెప్పడానికి నువ్వు అంత దూరం వచ్చి కోర్టు వరండాలో కూర్చుంటే, వంటమనిషి అనుకుని, "క్యాంటీన్ కింద ఉందమ్మా" అన్నాడట కదా.

లెమ్యూయెల్ అర్జీ అదే. వకీలు చేతకానితనం వల్ల, ఒక్క మాటకి అర్థం చెప్పే మనిషిని బోనెక్కించకపోవడం వల్ల నాకు న్యాయం జరగలేదని. గడువులోపే జైలు టపాలో వేసేశాం. దానికి తోడు నీ అఫిడవిట్ కావాలి. ప్రమాణం చేసి నోటరీ ముందు రాసి ఇచ్చేది. ఒక్క పేజీ. లాన్యాప్ అంటే ఏమిటి, ఆ పొడి ఏమిటి, పిలిచి ఉంటే వచ్చి చెప్పేదానివని. అంతే.

పెద్దమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటాను. అడిగింది మాత్రమే రాయి. కొసరు వద్దు.

సజీవుడైన
ఓవీడ్


బయూ జెలీన్
నవంబరు 3

సజీవుడా,

బతికున్నావని చెబితే సంతోషించాల్సింది పోయి ఊరంతా నా మీద పడ్డారు. తెచ్చిన కూరలు తిరిగి ఇవ్వడానికి లేదు కదా, జాగారంలోనే అయిపోయాయి. ఎర్నెస్టీన్ నిన్ను మళ్ళీ దొంగ అనడం మొదలుపెట్టింది. "పొగిడిన మాటలు వెనక్కి తీసుకుంటున్నాను" అని గుడి మెట్ల మీద నిలబడి చెప్పింది. సమాధికి సున్నం మాత్రం వృథా పోలేదులే, ఎలాగూ సమాధులకి సున్నం కొట్టే పుణ్యాత్ముల పండగ వచ్చేసింది.

అఫిడవిట్ పంపించేశాను. నోటరీ కుర్రాడు లాన్యాప్ అంటే ఏమిటో చెప్పమని కోర్టు అడుగుతోందని విని, "వాళ్ళేం మనుషులండీ, దుకాణాలకి వెళ్ళరా?" అన్నాడు. నేను ఇలా రాయించాను:

"డజను కొంటే పదమూడోది వేస్తాము. బస్తా కొంటే పైన ఏదైనా పెడతాము. దాన్నే లాన్యాప్ అంటాము. అది కొన్నవాడి హక్కు కాదు, అమ్మినవాడి మర్యాద. మా ఓవీడ్ లారీలో పెట్టింది ఫీలే, అంటే ససాఫ్రాస్ చెట్టు లేతాకులు ఎండబెట్టి నా రోట్లో నేనే దంచిన పొడి. గంబో పులుసు దించాక చిటికెడు వెయ్యాలి. పొయ్యి మీద ఉండగా వేస్తే జిగురు సాగుతుంది, అది నా తప్పు కాదు. నన్ను పిలిస్తే వచ్చి చెప్పేదాన్ని. వరండాలోనే ఉన్నాను."

చూశావా, ఒక్క పేజీ. నువ్వు చెప్పిన దానికి ఒక్క అక్షరం దాటలేదు.

కాకపోతే కవరు చేతిలో పట్టుకుంటే ప్రాణం ఉసూరుమంది. అంత పెద్ద జడ్జిగారికి ఉత్త కాగితం ఎలా పంపిస్తాం? మన ఇంటా వంటా ఉందా? చిన్నది, చాలా చిన్నది, లాన్యాప్ పెట్టాను. ఏమిటో చెప్పను, నువ్వు అరుస్తావు.

నీ పెద్దమ్మ
జుల్మా


ఫెడరల్ జైలు, ఒంటరి గది
నవంబరు 14

పెద్దమ్మా! ఏం పంపావు?

పెన్సిల్ ముక్కతో రాస్తున్నాను, ఇక్కడ కలం ఇవ్వరు. నిన్న పొద్దున నన్ను గదిలోంచి లాక్కొచ్చి ఇక్కడ పడేశారు. ఎందుకని అడిగితే అప్పుడు చెప్పారు.

నెబ్రాస్కా కోర్టులో గుమస్తా నీ కవరు చించాడట. ఆకుపచ్చ పొడి గుప్పున అతని ముఖం మీద పడిందట. అంతే, గంటలు మోగించి భవనం మొత్తం ఖాళీ చేయించారు. తల నుంచి కాళ్ళదాకా ముసుగులు తొడుక్కున్నవాళ్ళు వచ్చి గుమస్తాని ఆరుబయట నిలబెట్టి నీళ్ళతో కడిగారట. అక్కడ మంచు పడుతోంది పెద్దమ్మా. జడ్జిగారు నల్లగౌనుతోనే రోడ్డు అవతల కాఫీ కప్పు పట్టుకుని వణుకుతూ నిలబడ్డారట. కవరు మీద పంపినవారి పేరు చక్కగా, పెద్ద అక్షరాలతో: జుల్మా గిడ్రో. లోపల కాగితం మీద నా పేరు.

మత్తుమందు పొడి కేసులో శిక్ష పడినవాడి తరఫున, ఆ శిక్ష వేసిన జడ్జికే, అదేమిటో కూడా రాయని పొట్లంలో పొడి పంపించావు! కొసరు వద్దని కాళ్ళు పట్టుకున్నాను కదా!

లెమ్యూయెల్ అక్కడ మా గది గోడకి తల కొట్టుకుంటున్నాడని కాపలావాడు చెప్పాడు. "ముప్పై ఏళ్ళుగా అర్జీలు రాస్తున్నాను, ఎవరి సాక్షీ కోర్టునే ఖాళీ చేయించలేదు" అంటున్నాడట.

ఒక్కసారే తెరిచే తలుపు పెద్దమ్మా. అది మూసేశావేమోనని భయంగా ఉంది. నాకు కోపం వచ్చింది, దాచను.

ఓవీడ్


బయూ జెలీన్
నవంబరు 21

ఓవీడూ,

కోపం వస్తే రానీ. నీకు కోపం రావడం నాకేం కొత్త కాదు, ఉగ్గుగిన్నె విసిరికొట్టిన రోజు నుంచీ చూస్తున్నాను. కానీ నిన్ను ఒంటరి గదిలో పెట్టారని చదివాక రెండు రోజులు నాకు ముద్ద దిగలేదు. అది మాత్రం నిజం.

నా దగ్గరికీ వచ్చారు. ఇద్దరు ఏజెంట్లు, ఒక పొడుగాటి టెక్సాస్ అబ్బాయి, ఒక బక్కపల్చటి పిల్ల. తలుపు దగ్గరే బిళ్ళలు చూపించారు.

"అమ్మా, ఆ పొడి ఏమిటి?"

"ఫీలే."

"దేనికి వాడతారు?"

"కూర్చోండి, చూపిస్తాను."

డ్యూటీలో ఉండగా తినకూడదన్నారు. "పన్నులవాళ్ళు కూడా ఈ ఇంట్లో తినకుండా వెళ్ళలేదు. మీరు వాళ్ళకంటే గొప్పవాళ్ళా?" అన్నాను. టెక్సాస్ అబ్బాయి గంబోని ముందు చెంచాతో అంటించి చూశాడు, తర్వాత గిన్నె నాకాడు, తర్వాత ఇంకో రెండు గిన్నెలు అడిగి తిన్నాడు. ఆ పిల్ల మాత్రం రాసుకుంటూనే ఉంది. నేను ఏం కలిపినా రాసుకుంది. వంకాయ ఎందుకు వెయ్యలేదు అని కూడా అడిగింది. ఎక్కడి పిల్లో ఏమో.

తిన్నాక నా రోలు పట్టుకుపోయారు! రోకలి కూడా. సీసాలన్నీ పట్టుకుపోయారు. మా అమ్మమ్మ నాటి సైప్రస్ మానుతో తొలిచిన రోలు, దాన్ని ప్లాస్టిక్ సంచిలో శవంలా చుట్టి మోసుకుపోయారు. ప్రయోగశాలలో పరీక్షిస్తారట. "పరీక్షించుకోండి, కానీ సబ్బుతో కడగొద్దు" అని చెప్పాను. వెళ్ళేటప్పుడు అత్తిపళ్ళ సీసా చేతిలో పెట్టబోతే ఆ పిల్ల చేతులు వెనక్కి లాక్కుంది. టెక్సాస్ అబ్బాయి తీసుకున్నాడు.

నువ్వు కొసరు వద్దన్నావు. నేను విన్నాను కూడా. కానీ చెయ్యి వినలేదురా. డెబ్బై ఏళ్ళుగా అలవాటు పడిన చెయ్యి. నావల్ల నీ తలుపు మూసుకుపోతే నన్ను నేను క్షమించుకోను. ఇది రాస్తుంటే కళ్ళద్దాలు తడిసి కనపడటం లేదు, తప్పులుంటే సర్దుకో.

జుల్మా


ఫెడరల్ జైలు
డిసెంబరు 12

పెద్దమ్మా,

కళ్ళద్దాలు తుడుచుకో. మళ్ళీ మా గదికి వచ్చేశాను. కూర్చుని చదువు.

ప్రయోగశాల నుంచి నివేదిక వచ్చింది. ప్రభుత్వం వాళ్ళదే, వాళ్ళ ముద్రతోనే. "లేత ససాఫ్రాస్ ఆకుల పొడి. మత్తుపదార్థాలు ఏవీ లేవు. రోటిలోనూ సీసాల్లోనూ అదే పొడి, ఏళ్ళనాటిది కూడా." లెమ్యూయెల్ అది చదివి లేచి గదిలో గంతులు వేశాడు, ఆయన మోకాళ్ళు నీ మోకాళ్ళకంటే అన్యాయం. "మనం అడిగితే వాళ్ళు జన్మలో ఈ పరీక్ష చేసి ఉండేవాళ్ళు కాదు అబ్బాయ్. మీ పెద్దమ్మ వాళ్ళని భయపెట్టి చేయించింది!" అన్నాడు.

ప్రభుత్వ వకీలు అర్జీ కొట్టెయ్యమనే అడిగాడు. పెద్దావిడ వచ్చి చెప్పినా జ్యూరీ మనసు మారేది కాదట. జడ్జిగారు ఒప్పుకోలేదు. ఉత్తర్వులో ఇలా రాశారు, నేను రోజూ చదువుకుంటున్నాను: "సాక్షిని ఒక పేజీ అడిగారు. ఆమె ఒక పేజీతోపాటు, ఎవరూ అడగనిది, ఉచితంగా, తనకు నష్టం కలిగే రీతిలో, అదనంగా పంపింది. అది ఆమె ఆచారమనే పిటిషనర్ చెబుతున్నాడు. సాక్షి మాట వినవలసిన అవసరం ఉంది."

విచారణకి నాకు వకీలుని కూడా కోర్టే ఇచ్చింది. మిస్ ప్రిబిల్, చిన్నది, చురుకైనది. వచ్చీ రాగానే నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "లాన్యాప్ అంటే ఏమిటో మీ మాటల్లో చెప్పండి." నాకు ఏడుపు వచ్చినంత పనైంది.

నువ్వు అంత దూరం రానక్కర్లేదు. లఫాయెట్‌లో కోర్టు గదిలో కూర్చుంటే నెబ్రాస్కా కోర్టులో మా అందరికీ తెర మీద కనపడతావు. అడిగినదానికే జవాబు చెప్పు. జడ్జిగారిని నాయనా అనకు. ఏ వస్తువూ పట్టుకెళ్ళకు. ఒక్క జేబురుమాలు చాలు.

ఓవీడ్


బయూ జెలీన్
ఫిబ్రవరి 7

ఓవీడూ,

నిన్ను ముంచేశాను. ఈ నోటిని కుట్టెయ్యాలి.

నువ్వు ఆ చివర కూర్చుని చూశావు కాబట్టి కొంత తెలుసు. నాకు మాత్రం ఆ తెరలో జడ్జిగారు బొటనవేలంత ఉన్నారు, నువ్వు చిటికెనవేలంత. చిక్కిపోయావు. మిస్ ప్రిబిల్ అడిగినప్పుడు బుద్ధిగానే చెప్పాను, ఎక్కడా దాటలేదు. తర్వాత ఆ ప్రభుత్వ వకీలు లేచాడు చూడు, అక్కడ చెడింది.

"మత్తుమందు అమ్మేవాళ్ళు కూడా ముందు ఉచితంగా ఇచ్చి అలవాటు చేస్తారు. మీ మేనల్లుడో, అక్క కొడుకో..."

"చెల్లెలి కొడుకు."

"మీ చెల్లెలి కొడుకు చేసింది అదే కాదా?"

"బాబూ, అలవాటు చేసేవాడు ఎన్నిసార్లు ఉచితంగా ఇస్తాడు? ఒకసారి, రెండుసార్లు. మావాడు ఏళ్ళ తరబడి ప్రతి బస్తాకీ ఇచ్చాడు. అలాంటి వ్యాపారం చేస్తే దొంగలు కూడా దివాలా తీస్తారు."

అక్కడితో ఆగి ఉండాల్సింది. ఆగానా? లేదు. కొసరు వేశాను.

"నీ టేపు నువ్వే మళ్ళీ విను. వాడు ధర అడిగాడు, మావాడు సిగ్గులేదా అన్నాడు. ధర కడితే అది లాన్యాప్ కాదు, సరుకు. ఇంత చదువుకున్నవాడివి, ఇన్నేళ్ళు ఒక పిల్లాణ్ణి జైల్లో పెట్టి, ఆ మాటకి అర్థం ఒక్క బజారువాణ్ణయినా అడిగావా? మీ అమ్మ నీకు ఎప్పుడూ రెండో ముద్ద పెట్టలేదా?"

ఆయన ముఖం మాడిపోయింది. "ఇంకేం ప్రశ్నలు లేవు" అని కూర్చున్నాడు. జడ్జిగారు కళ్ళద్దాలు తీసి కిందకి చూశారు. అప్పుడే నాకు అర్థమైంది, వాళ్ళని అవమానించానని. ఆయన తల్లి జోలికి వెళ్ళడం తప్పే. క్షమాపణ చెబుతూ ఉత్తరం రాసి, అత్తిపళ్ళ సీసా... లేదులే, పంపను. ఒట్టు.

పాపిష్ఠిది
జుల్మా


ఫెడరల్ జైలు
మార్చి 3

పెద్దమ్మా,

ముంచలేదు. ఒడ్డున పడేశావు. వకీలు ప్రశ్నలు లేవని కూర్చోవడం అంటే అలగడం కాదు, ఓడిపోవడం. మిస్ ప్రిబిల్ బల్ల కింద నా కాలు తొక్కింది, సంతోషం పట్టలేక.

నిన్న తీర్పు వచ్చింది. నా శిక్ష కొట్టేశారు! దోషి అన్న మాటే కొట్టేశారు. నేను ఇప్పుడు చట్టం దృష్టిలో పాత ఓవీడ్‌నే.

ఆగు, సమాధి దగ్గర డప్పులు కొట్టించకు. ఇంకో మెలిక ఉంది. ప్రభుత్వం కావాలంటే మళ్ళీ విచారణ పెట్టవచ్చు. అది ఏ శరత్కాలానికో జరుగుతుంది, అప్పటిదాకా నేను లోపలే. మళ్ళీ జ్యూరీ, మళ్ళీ మొక్కజొన్న రైతులు. ఓడితే మళ్ళీ పన్నెండేళ్ళు. లేదంటే ఒక చిన్న నేరం ఒప్పుకుని సంతకం పెడితే, ఇప్పటిదాకా ఉన్న జైలే చాలని వదిలేస్తారట. ఈస్టర్‌కి ఇంట్లో ఉంటాను.

ఒప్పుకోవాల్సింది ఏమిటంటే, లాన్యాప్ అంటే మత్తుమందు అని తెలిసే ఆ మాట వాడానని.

మిస్ ప్రిబిల్ నా ఇష్టం అంది. లెమ్యూయెల్ గోడ వైపు తిరిగి పడుకున్నాడు, ఆయనెప్పుడూ సలహా లేకుండా ఉండడు. నా ఇష్టం ఏమిటో నాకే తెలియడం లేదు. ఇంతా నువ్వు పోరాడింది ఆ మాట కోసం. నువ్వు ఎలా అంటే అలా. కాగితం ఇంకా నా దగ్గరికి రాలేదు, త్వరలో తెస్తారు.

ఓవీడ్


బయూ జెలీన్
మార్చి 8

నాయనా,

సంతకం పెట్టెయ్.

నీ ఉత్తరం చదివి ముందు వీరావేశంగా "చస్తే పెట్టకు" అని నాలుగు పేజీలు రాశాను. తర్వాత నీ కంచం కడిగాను. నువ్వు వెళ్ళినప్పటి నుంచీ ఎవరూ తినకపోయినా వారానికోసారి కడుగుతాను, దుమ్ము పడుతుంది కదా. కడుగుతూ కడుగుతూ ఆ నాలుగు పేజీలూ పొయ్యిలో పెట్టాను.

ఆ మాట మా అమ్మ నాకిచ్చింది, వాళ్ళమ్మ ఆమెకిచ్చింది. ఎక్కడో ఉత్తరాన ఒక కాగితం మీద దానికి పాడు అర్థం రాసినంత మాత్రాన ఇక్కడ ఎవరి నోట్లోనూ అది మారదు. రాసుకోనీ. నిన్ను ఏమైనా అననీ. డాక్టరు మొన్న నా గుండె చప్పుడు విని పెదవి విరిచాడు. నీకు చెప్పకూడదనుకున్నాను, చెప్పేశాను. శరత్కాలందాకా ఆగగలనో లేదో నాకు తెలియదు. పరువు వచ్చి నీ కుర్చీలో కూర్చుని అన్నం తినదురా. నువ్వు తింటావు. దొంగనని ఒప్పుకో, దోపిడీగాణ్ణని ఒప్పుకో, ఏమని అయినా ఒప్పుకో. ఇంటికి రా.

ఇది చదవగానే చింపెయ్. జుల్మా గిడ్రో లొంగిపోయిందని తెలిస్తే ఎర్నెస్టీన్ ఊళ్ళో విందు పెడుతుంది.

నీ పెద్దమ్మ


ఫెడరల్ జైలు
మార్చి 20

పెద్దమ్మా,

సంతకం పెట్టలేదు. తిట్టకు, చివరిదాకా చదువు.

నీ గుండె సంగతి చదివాక నేను ఇంక ఏమీ ఆలోచించలేదు. కాగితం రాగానే కలం తీశాను. మొదటి అక్షరం కూడా వేశాను. "పూర్తిగా చదవకుండా సంతకమా? ఇంతకాలం నీకు నేర్పింది ఇదా?" అని లెమ్యూయెల్ కసిరాడు. చదివాను. రెండో పేజీ అడుగున ఉంది: "సదరు పదార్థాన్ని జుల్మా గిడ్రో తయారుచేసి నాకు సరఫరా చేసేది."

నా మీద ఏం రాసినా పెట్టేవాణ్ణి. నీ మీద రాశారు. కలం మూత పెట్టేశాను.

మిస్ ప్రిబిల్ వెళ్ళి ప్రభుత్వ వకీలుతో చెప్పింది. "మావాడు సంతకం పెట్టడు. మళ్ళీ విచారణకి సిద్ధం. మా మొదటి సాక్షి ఆ పెద్దావిడే. ఈసారి తెర మీద కాదు, స్వయంగా వస్తుంది, జ్యూరీ ఎదురుగా కూర్చుంటుంది" అంది. అది విని ఆయన ఫైలు మూసేశాడట. నిన్న కేసు మొత్తం ఉపసంహరించుకున్నారు. ఒప్పుకోవడాలు లేవు, సంతకాలు లేవు. నీ రోలు కూడా తిరిగి పంపిస్తారట, సబ్బు తగలకుండా.

శుక్రవారం బస్సులో దిగుతున్నాను. డాక్టరు దగ్గరికి సోమవారం ఇద్దరం వెళుతున్నాం, వాదించకు.

లెమ్యూయెల్ సొంత అర్జీ ఎప్పుడో గడువు దాటిందని కొట్టేశారట. ఇన్నాళ్ళూ నాకు చెప్పలేదు. పొద్దున నా పెట్టె సర్దుతూ, "మీ పెద్దమ్మ ఉత్తరాలు ఇక రావు కదా" అన్నాడు. వస్తాయని మాటిచ్చాను. నువ్వు రాయాలి.

నీ ఆఖరి ఉత్తరం చింపెయ్యమన్నావు. చింపలేదు, జేబులో ఉంది. భయపడకు, ఎర్నెస్టీన్‌కే కాదు, ఎవరికీ చూపించను. ఊరంతా నన్ను దొంగ అన్నారు. దొంగవైనా సరే రా అన్నది నువ్వొక్కదానివే.

నీ
ఓవీడ్